కళ్లంలో గీసిన ఇల్లు

కదిరి,
12 ఆగస్టు 1998

ఆదెన్న గారికి నమస్కారాలు.

నేనెవరో మీకు గుర్తుండదు. కదిరిలో వేరుశనగ మిల్లు నడిపిన బయ్యన్న కూతురిని, సరళను. మీరు మా ఇంటికి ప్లాను గీసేనాటికి నాకు ఆరేళ్లు. అమ్మా నాయనా ఇద్దరూ పోయారు. మొన్న నాయన బీరువా సర్దిస్తుంటే నీలం కాగితాల చుట్ట ఒకటి బయటపడింది. మూలన చిన్న అక్షరాలతో ‘గీసినది: ఆదెన్న, 1963’ అని ఉంది. మీరు తర్వాత ప్రభుత్వ కొలువులో చేరారని విని, అనంతపురంలో పింఛనుదార్లను అడిగించి మీ పామిడి చిరునామా సంపాదించాను.

ముందు మీకు కృతజ్ఞత చెప్పాలి. ఏడాది కిందట సోమందేపల్లె దగ్గర నేనెక్కిన బస్సు బోల్తా పడింది. ప్రాణం దక్కింది గాని నడుము కింద స్పర్శ పోయింది. ఐదు నెలలు బెంగళూరు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరమ్మ నా తమ్ముడు భరత్‌ను పిలిచి, “ఇల్లు చాలా మార్చుకోవాలి. ప్రతి తలుపు దగ్గరా ఈమె కుర్చీని ఎవరో ఒకరు ఎత్తాల్సి వస్తుంది” అని చెప్పింది. దారి పొడవునా నేను అదే తలచుకుంటూ వచ్చాను. ఇరవై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ఎవరి మీదా ఆధారపడకుండా బతికినదాన్ని. పెళ్లి కూడా వద్దనుకున్నాను.

మూడు మెట్లూ నలుగురు మోసి నన్ను వరండాలో దింపారు. నేనే చక్రాలు తిప్పుకున్నాను. హాల్లోకి, హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి పెరటి వరండాకి, అటునుంచి స్నానాల గదికి. ఎక్కడా ఆగలేదు. ఆ ఇంట్లో ఒక్క గడప కూడా లేదు! ముప్పై నాలుగేళ్లు అక్కడే తిరిగిన నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

కిటికీలు నేలకు అడుగెత్తులోనే మొదలవుతాయి. లైటు స్విచ్చులు నడుము ఎత్తులో ఉన్నాయి. గోడలో అమర్చిన బీరువాలు నా భుజం దాటవు. చిన్నప్పుడు నా స్నేహితురాళ్లు మరుగుజ్జుల ఇల్లని నవ్వేవాళ్లు. రెక్కలు పైకెత్తినట్టున్న ఆ పోర్టికో కప్పునూ, జాలీ ఇటుకల గోడనూ, రంగురాళ్ల మొజాయిక్ గచ్చునూ చూసి ఊళ్లో ఇప్పటికీ ‘సినిమా ఇల్లు’ అనే అంటారు. నాయనకు ‘ఫ్యాషన్ బయ్యన్న’ అని పేరు. ఆ ఫ్యాషన్ ఇప్పుడు నన్ను మనిషిలా బతకనిస్తోంది. ఇది మీ చేతి పని గనుక మీకే రాస్తున్నాను.

ఇంకొక మాట. భరత్ ఈ మధ్య వాస్తు పండితుణ్ణి తీసుకొచ్చాడు. ఆయన ఇల్లంతా తిరిగి, “గడప లేని ఇంట్లో లక్ష్మి నిలవదు, కీడు ఆగదు. ఆ పిల్లకు జరిగిన దానికి ఇదే కారణం” అన్నాడు. కార్తీకంలో తలుపు తలుపుకీ టేకు గడపలు బిగించాలని నిర్ణయమైంది. నా కోసం ప్రతి గడపకూ చెక్క పలక వేయిస్తానంటున్నాడు తమ్ముడు. ఎత్తైన టేకు మాను మీద పలకేసి ఎక్కడం, దిగడం నా చేతులకు సాధ్యం కాదు. అడిగానని ఏమీ అనుకోవద్దు. గడపలు మీరు మరిచిపోయారా, లేక కావాలనే మానేశారా?

మీ మేలు తలచుకుంటూ,
సరళ


పామిడి,
24 ఆగస్టు 1998

సరళమ్మ గారికి ఆదెన్న రాయునది.

మీ ఉత్తరం అందింది. మీకు జరిగింది చదివి మనసు కలత పడింది. కుడిచేయి వణుకు వల్ల నా అక్షరాలు వంకర పోతాయి, మన్నించండి.

మీ ఇంటి తర్వాత నేను ప్రభుత్వ కొలువులో ఇరవై ఆరేళ్లు గీశాను. ఆఫీసులు, గోదాములు, సంతల్లో రేకుల షెడ్లు. ఎవరూ ఏ రోజూ ఒక ముక్క రాయలేదు. మీదే మొదటి ఉత్తరం. నా భార్య తిప్పమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

మీరడిగిన దానికి జవాబు. గడపలు మరిచిపోలేదు. అప్పట్లో నేను బెంగళూరులో, విదేశాల్లో చదివొచ్చిన ఒక ఆర్కిటెక్టు దగ్గర ప్లాన్లకు నకళ్లు గీసే ట్రేసరుగా ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో కొత్త రకం ఇళ్లు లేస్తుండేవి. చెక్కిన స్తంభాలు వద్దు, చదును మిద్దె చాలు. గోడకొక చిన్న కిటికీ కాదు, గోడంత కిటికీ కావాలి. సామాను నేలకు దగ్గరగా ఉండాలి. ముందు గది నుంచి పెరటి దాకా నేల ఒకే మట్టంలో సాగాలి. మీ నాయన అటువంటి ఇల్లు కావాలన్నాడు, గీశాను. అది ఆ కాలపు ఫ్యాషన్. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

గడపలు మాత్రం పెట్టించవద్దు. ద్వారబంధాల కింద మొజాయిక్ పగలగొడితే పగులు గది నడుమ దాకా పాకుతుంది. ఈ మాట తమ్ముడికి చెప్పండి.

మీ క్షేమం కోరుతూ,
ఆదెన్న


కదిరి,
19 సెప్టెంబరు 1998

ఆదెన్న గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం భరత్‌కు చూపించాను. గచ్చు పగులుతుందంటే, “పగిలితే కొత్తది ఏపిస్తా” అన్నాడు. ఫ్యాషన్ అన్న మాట దగ్గర మాత్రం ముఖం ఎర్రబడింది.

“సూడక్కా, ఆయప్పే రాసినాడు. మన నాయన సోకుకు నువ్వు బలైతివి” అన్నాడు.

“బస్సు బోల్తా పడితే నాయనేం చేస్తాడ్రా?” అన్నాను.

“నాకు తెలీదక్కా. నాకు బయమైతాంది. ఇంట్లో పసిపిల్లోల్లుండారు. ఇంకేమన్నా అయితే నేను తట్టుకోలేను.”

మార్కెట్ యార్డులో వందమందిని గదమాయించే మనిషి నా ఎదురుగా నిలబడి ఏడ్చాడు. అతని భార్య హేమ తల దించుకుంది. వడ్రంగి ఏడు టేకు మాన్లు తెచ్చి పెరటి వరండాలో పేర్చాడు. రోజూ వాటి పక్కనుంచే స్నానాల గదికి వెళ్తున్నాను.

నిజం చెప్పనా? నాకూ నాయన మీద కోపం వస్తోంది. మా చుట్టూ కరువు. జనం బావులు ఎండి బెంగళూరు కూలికి పోతున్న కాలంలో ఆయన జాలీ గోడలు, రంగురాళ్లు అంటూ పోటీ పడ్డాడని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. కానీ ఆయన ఒంటి మీద ఇస్త్రీ చొక్కా నేనెన్నడూ చూడలేదు. చేతికి గడియారం కూడా ఉండేది కాదు. అటువంటి మనిషికి ఇంటి దగ్గరే ఎందుకింత సోకు పుట్టింది? మీరు రాసిన ఉత్తరంలో ‘అంతకు మించి చెప్పడానికేమీ లేదు’ అన్న వాక్యం దగ్గర మీ కలం రెండు మూడుసార్లు ఆగినట్టుంది. సిరా అక్కడ ముద్ద కట్టింది. అది వణుకు వల్ల అయితే క్షమించండి. కాకపోతే, ఆయన కూతురిగా అడుగుతున్నాను, చెప్పండి.

సరళ


పామిడి,
6 అక్టోబరు 1998

అమ్మా సరళా,

సిరా ముద్ద కట్టింది వణుకు వల్ల కాదు. ముప్పై ఐదేళ్ల కిందట మీ నాయనకు ఒక మాటిచ్చాను. దాన్ని దాటలేక నీకు సగమే రాశాను. నీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి నిద్ర పట్టలేదు. తిప్పమ్మ కోప్పడింది. “సచ్చినోల్లకిచ్చిన మాట పట్టుకోని బతికుండే బిడ్డకు అడ్డం పెడ్తావా?” అంది. అందుకని చెబుతున్నాను.

ఆ ఇల్లు మీ అవ్వ బయమ్మ కోసం కట్టింది.

నువ్వు పుట్టిన మరుసటి ఏడు ఆమె దిగుడుబావి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. కట్టు సరిగా కుదరలేదు. మళ్లీ నిలబడలేదు. మంచం దిగితే రెండు చేతులూ నేలకు ఊని జరుక్కుంటూ పోవడమే. మీ పాత ఇంట్లో ఆమె గది నుంచి పెరటికి ఐదు గడపలు, ఒక్కోటి జానెడు ఎత్తు. గడప దగ్గర ఆగిపోయేది. ఎవరైనా చూస్తే, “ఈడ సల్లగుండాదని కూసున్నా” అనేది. నన్ను ఎత్తండని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. పెరటికి పోవాల్సిన అవసరం రాకుండా పొద్దుగూకేదాకా నీళ్లు తాగేది కాదు. ఒక ఎండాకాలం స్పృహ తప్పింది. ఒంట్లో నీళ్లు లేవని డాక్టరు చెప్తే మీ నాయనకు మొదట అర్థం కాలేదట. మా ఇంట్లో నీళ్లకేం కరువు అన్నాడట. అర్థమైన రోజున గడప మీద కూర్చుని ఏడ్చానని ఆయనే నాతో చెప్పాడు.

కొన్నాళ్లకు బెంగళూరులో మా ఆఫీసుకొచ్చి, అనంతపురం జిల్లావాడెవడైనా ఉన్నాడా అని అడిగి, నన్ను టీ అంగడికి తీసుకుపోయాడు.

“నాకు గడపల్లేని ఇల్లు గావల్లప్పా. ఎవరడిగినా ఫ్యాషనని సెప్పల్ల. ఊరు నన్ను పిచ్చోడంటే అననీ. మాయమ్మను కుంటిదనగూడదు. ఈ మాట మనిద్దరి మధ్యనే ఉండల్ల” అన్నాడు. బెంగళూరు ఫ్యాషన్ ఆయనకు దేవుడిచ్చిన సాకు. నేల సమంగా ఉండాలనీ, అంతా ఎత్తు తక్కువగా ఉండాలనీ ఆ పద్ధతే చెబుతోంది కదా.

ప్లాను పట్టుకుని కదిరి వచ్చాను. బయమ్మ ముందు కాగితం పరిచాను. ఆమె చాలాసేపు చూసి, “నాకు గీతలు తెలీవప్పా. ఇల్లు సూపీ” అంది.

ఆ మాట నా తలలో తిరిగింది. మర్నాడు స్వామి తేరు పండగ. ఊరంతా అక్కడే ఉంటుంది, చూసేవాళ్లు ఉండరు. మీ చేను పక్కన కళ్లం ఖాళీగా ఉంది. పొద్దున్నే పోయి, కాగితం మీదున్న ఇంటిని ఆ కళ్లంలో సున్నంతో అసలు కొలతలకు గీశాను. మీ నాయన ఆమెను బండిలో తెచ్చి వాకిలి గీత దగ్గర దించాడు. మా నాయన గొర్లు కాసేటప్పుడు కప్పుకునే కంబళి నా దగ్గరుంటే మడిచి ఆమె కింద వేశాను.

“ఇది తలుపా? తెరిసిండాదా?” అని నవ్వి లోపలికి జరిగింది.

అమ్మా, ఆ పూటంతా ఆమె ఆ ఇల్లు తిరిగింది. తిరగలేక ఆగిన చోట నేను కాలితో గీత చెరిపి గోడ వెనక్కు జరిపాను. ఆమె కూర్చుని చేయి చాచిన ఎత్తు కొలిచి స్విచ్చులకు రాసుకున్నాను. కిటికీలోంచి ఏం కనపడాలమ్మా అని అడిగాను. “ఈదిలో పోయేటోల్లు కనపడల్ల. వాల్లకు నేను కనపడకున్నా ఫరవాలేదు” అంది. ఆమె పక్కన కర్ర నిలబెట్టి కళ్ల ఎత్తు కొలిచాను. మీ నాయన ఒక పక్కన నిలబడి తుండుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

చివరికి వంటింటి గీతల నడుమ కూర్చుని మూట విప్పింది. సద్దరొట్టె, శనగల పొడి. నన్నూ కూర్చోమంది. నేను గీత అవతలే నిలబడ్డాను. గొర్లు కాసేవాళ్ల పిల్లవాణ్ణి. మీవంటి వాళ్ల వంటింట్లోకి మాకు ప్రవేశం ఉండేది కాదు. ఆమె నా వైపు చూసి, “నీ ఇంట్లోకి నువ్వే రాకుంటే నేనెట్ల వచ్చేది? దా, కూసో” అంది. కూర్చున్నాను. గోడలు లేవు, సున్నం గీతలే. అయినా అది వంటిల్లే. ఆ రొట్టె నేను ఇంతవరకూ మరిచిపోలేదు.

గోడలు కిటికీల ఎత్తుకు లేచాక, శ్రావణంలో, ఆమెకు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఇంట్లో అడుగు పెట్టనే లేదు. దినాలైనాక మేస్త్రి వచ్చి, “ఇంక గడపలు పెట్టేదా సామీ?” అని అడిగాడు. మీ నాయన ఆ మొండిగోడల మధ్య నిలబడి, “వద్దప్పా. ఆమె కోసరం తీసింది, ఆమె లేదని పెట్టేకి నాకు మనసు రాదు” అన్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఊరు ఫ్యాషన్ బయ్యన్న అని నవ్వుతుంటే ఆయనా నవ్వి ఊరుకున్నాడు. మీ అమ్మకు అంతా తెలుసు. ఆమె కూడా చెప్పకుండానే పోయిందన్న మాట.

మాట తప్పాను. బయ్యన్న క్షమిస్తాడనే నమ్మకం.

ఆదెన్న


కదిరి,
25 అక్టోబరు 1998

చిన్నాయనకు,

ఇక మిమ్మల్ని ఇలాగే పిలుస్తాను. కాదనకండి.

ఉత్తరం ఒక్కదాన్నే చదువుకున్నాను. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. అవ్వ పాత ఇంటి వరండాలో మంచం మీద కూర్చుని నాకు జడ వేసేది. ఆమె లేచి నిలబడగా చూసిన గుర్తే లేదు. ముసలివాళ్లంటే కూర్చునే ఉంటారనుకునేదాన్ని. అంతే తెలుసు నాకు.

నిన్న వడ్రంగి ఉలి, సుత్తి పట్టుకుని వచ్చాడు. భరత్‌ను వంటింట్లోకి పిలిచి, కూర్చోబెట్టి, ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివాను. హేమ పొయ్యి ఆర్పేసి గోడకు ఆనుకుని నిలబడింది. చదవడం అయ్యాక భరత్ లేచి ముందు హాల్లోకి వెళ్లాడు. కోపమొచ్చి వెళ్లాడనుకున్నాను. తొంగి చూస్తే, వాకిలి దగ్గర, తెల్ల ప్యాంటు తెల్ల చొక్కాతో నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ గచ్చుకు ఊని జరగడం మొదలుపెట్టాడు. అంత లావు మనిషి! హాల్లోంచి భోజనాల బల్ల దగ్గరికి, అక్కడి నుంచి వంటింట్లోకి, మా ముందు నుంచే పెరటి వరండా దాకా, స్నానాల గది దాకా. వడ్రంగి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పిల్లలు ఆటనుకుని వెనకాలే జరిగారు.

చివరికి టేకు మాన్ల పక్కన ఆగి, రొప్పుతూ, “యాడా తగల్లేదక్కా” అన్నాడు.

తర్వాత అసలు మాట బయటపెట్టాడు. “ఆ పొద్దు నువ్వు జీపడిగితివి. నేను మీటింగుందని తీస్కోని పోతి. నువ్వు బస్సెక్కితివి. తప్పు ఇంటిదైతే నాది కాకుండా పోతాదనుకుంటి.”

ఏడాదిగా వాడు దీన్ని మోస్తున్నాడని నాకు తెలియనే తెలియదు చిన్నాయనా. జీపు సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. వాడి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నా కాళ్లకు ఆ బరువు తెలియలేదు గాని చేతులకు తెలిసింది.

వాస్తు పండితుడు సాయంత్రం వచ్చాడు. భరత్ మర్యాదగానే కాఫీ ఇప్పించి, “గడపలొద్దు సామీ. ఏమన్నా అయితే నేను పడ్తా” అని పంపించాడు. హేమ వాళ్ల అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది, గొణగనీ.

ఇప్పుడొక కోరిక. ఇంట్లో అడ్డం లేదు, సరే. ముందున్న మూడు మెట్ల వల్ల బయటికి పోవాలంటే నలుగురు మోయాల్సిందే. ఆసుపత్రికి తప్ప నేను వీధిలోకి పోయి ఏడాది దాటింది. ఆ మెట్ల పక్కన ఒక వాలు గీసిస్తారా? మీ చేయి వణుకుతుందని తెలిసీ అడుగుతున్నాను.

సరళ


పామిడి,
2 డిసెంబరు 1998

తల్లీ సరళా,

దీంతోపాటు ప్లాను పంపుతున్నాను. ఎనిమిదేళ్ల తర్వాత స్కేలు పట్టాను. స్కేలు కదలకుండా తిప్పమ్మ రెండు చేతులతో అదిమి పట్టుకుంది, నేను గీత లాగాను. నాలుగు కాగితాలు పాడయ్యాక ఇది కుదిరింది. “ఇన్నేండ్లు ఒక్కడే గీసినావు, నన్ను ముందే పిల్చింటే బాగుండు గదా” అంటోంది.

మూడు మెట్లూ కలిపి ఎత్తు అడుగున్నర. వాలు పొడవు పద్దెనిమిది అడుగులకు తగ్గకూడదు. మేస్త్రి చోటు లేదని పొట్టిగా చేస్తానంటాడు, వినొద్దు. నడిమధ్య ఒకచోట మట్టంగా ఉంచాను, అక్కడ చేతులకు విశ్రాంతి. గచ్చు నున్నగా వద్దు, అడ్డంగా గాట్లు పెట్టించు. ఒక పక్క పట్టుకోవడానికి పైపు.

గృహప్రవేశానికి మీ నాయన నన్ను పిలిచాడు. నేను రాలేదు. ఆమె లేకుండా ఆ వంటింట్లోకి పోలేననిపించింది. అందుకే కట్టిన ఇల్లు ఈ కళ్లతో చూడనే లేదు. మేస్త్రి పని మొదలుపెట్టిన రోజు ఒక కార్డు రాయి. నేనూ తిప్పమ్మా వస్తాం.

నీ తమ్ముడు జరిగి చూశాడన్న చోట చదవలేక ఆగిపోయాను. మిగతాది తిప్పమ్మకు పక్కింటామె చదివి చెప్పింది. వాడికి నా దీవెనలు.

మీ చిన్నాయన


కదిరి,
15 జూన్ 1999

చిన్నాయనకు, తిప్పమ్మ చిన్నమ్మకు,

మీరిద్దరూ సంక్రాంతి ముందొచ్చి మూడు రోజులుండి పోయాక ఇల్లు బోసిపోయింది. మీరు మొదటిసారి వంటింట్లోకి వచ్చి, గచ్చు మీద ఒకచోట కూర్చుండిపోయిన సంగతి హేమ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. చిన్నమ్మ స్విచ్చులన్నీ వేసి, ఆర్పి, “మా ఇంట్లో ఇట్ల ఎందుకు పెట్టల్యా?” అని మిమ్మల్ని నిలదీసింది కదా. పెట్టించారా లేదా, రాయండి.

వాలు సిద్ధమైనా ఇన్నాళ్లూ వీధిలోకి దిగడానికి ధైర్యం చాలలేదు. నిన్న బడులు తెరిచారు. నేను పోయాను.

హెడ్మాస్టరమ్మ ముందే మనిషిని పంపింది. నా ఎనిమిదో తరగతిని కింది గదిలోకి మార్చారట. భరత్ జీపు సిద్ధం చేసి వాకిట్లో నిలబడ్డాడు. వద్దన్నాను. బడి మన వీధి చివర కుడివైపే కదా. “ఎనకాల వస్తా అక్కా” అన్నాడు. అదీ వద్దన్నాను. వాడు వరండాలో స్తంభం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

వాలు మీద చక్రాలను అరచేతులతో అదిమి పట్టి దిగాను. నడిమధ్య మీరుంచిన మట్టం దగ్గర ఒక్కసారి ఆగాను. తర్వాత వీధిలో పడ్డాను. దుమ్ము, ఎండ, ఆటోల గోల. ఎంత బాగుందో చెప్పలేను. ఒక గుంతలో చక్రం ఇరుక్కుంటే నేనే ముందుకీ వెనక్కీ ఊగి బయటపడ్డాను. చీర కొంగుకు గ్రీజు అంటింది.

మూడిళ్ల అవతల భద్రమ్మ దోసెలంగడి. ఆమె పెనం మీద నీళ్లు చల్లుతూ తలెత్తి నన్ను చూసింది. ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసనుకున్నాను. రెండేళ్లుగా మంచం దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరూ ‘ఎట్లుండావమ్మా’ అనే అడిగారు. దానికి నా దగ్గర జవాబు తయారుగా ఉంటుంది.

భద్రమ్మ అట్లకాడ అట్లే పట్టుకుని, “ఏమ్మే సరళా, యాడికి పోతాండావు?” అంది.

బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదంటారు. అడిగితే అమ్మ కేకలేసేది. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కడికో పోయేదాన్నని నన్ను ఎవరైనా అనుకుని రెండేళ్లయింది.

“ఇస్కూలుకు పోతాండా భద్రక్కా” అన్నాను.

మీ బిడ్డ,
సరళ